ఉయ్యూరు కాలేజీ పేరులో ‘ఎస్.జి.’ ఎవరు?

ఉమ్మడి కృష్ణా జిల్లాలో ఏదైనా కాలేజీ పేరు ముందు రెండు ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తే, అవి ఎవరో ఒక పెద్దాయన ఇంటిపేరూ, పేరూ అయి ఉంటాయి. విజయవాడలో పి.బి. సిద్ధార్థ అంటే పర్వతనేని బ్రహ్మయ్య. కానూరులో వి.ఆర్. సిద్ధార్థ అంటే వెలగపూడి రామకృష్ణ. గుడివాడలో ఏఎన్నార్ కాలేజీ ఎవరి పేరో చెప్పక్కర్లేదు, అక్కినేనిది. ఉయ్యూరుకొస్తే ఏ.జి. అండ్ ఎస్.జి. సిద్ధార్థ కాలేజీ. ఏ.జి. అంటే అడుసుమిల్లి గోపాలకృష్ణయ్య. మరి ఎస్.జి.?

ఆ పేరుతో మనిషెవరూ లేరు. ఎస్.జి. అంటే షుగర్‌కేన్ గ్రోయర్స్. చెరకు రైతులు.

బందరు బస్సులో ఉయ్యూరు మీదుగా ఎన్నిసార్లు వెళ్ళుంటానో లెక్కలేదు. ఈ సంగతి మాత్రం మొన్న జనవరిలోనే తెలిసింది. అదీ ఒక పని మీద వెళ్తే.

పనేంటంటే, మా బీటెక్ బ్యాచ్‌లో ఆరుగురం ఇంకా టచ్‌లో ఉన్నాం. ఇద్దరు హైదరాబాద్, ఇద్దరు బెంగళూరు, ఒకడు డల్లాస్, నేను విజయవాడ. బోనస్‌లు పడ్డాక తలా 25 వేలు తీసి పక్కన పెట్టాం. మొత్తం లక్షా యాభై వేలు. బెంగళూరు వాళ్ళలో ఒకడి అమ్మమ్మగారి ఊరు ఉయ్యూరు పక్కనే. అక్కడి జిల్లా పరిషత్ హైస్కూలుకి ఒక డిజిటల్ బోర్డు కొనిద్దాం, కింద మన ఆరుగురి పేర్లు వేయిద్దాం అన్నది వాడి ఐడియా. సరే, ముందు ఎవరైనా వెళ్ళి చూసి రండి అన్నారు. దగ్గర్లో ఉన్నది నేను. ఆన్‌సైట్ అంటే అమెరికా అనుకుంటూ పెరిగిన తరం మాది. నాకు దక్కిన ఆన్‌సైట్ ఉయ్యూరు.

సంక్రాంతి సెలవులయ్యాక ఒక శుక్రవారం లీవు పెట్టి నెహ్రూ బస్టాండులో బందరు బస్సెక్కా. ఈ రోడ్డులో ఊరు ఎక్కడ అయిపోయిందో చెప్పడం ఇప్పుడు కష్టం. బెంజ్ సర్కిల్, పటమట, ఆటోనగర్, కానూరు, పోరంకి, పెనమలూరు... షోరూములూ, కార్పొరేట్ కాలేజీల హోర్డింగులూ, ర్యాంకుల అంకెలూ. నవ్వుతున్న పిల్లల ఫొటోల కింద హాల్‌టికెట్ నంబర్లు. కంకిపాడు దాటాక గానీ పచ్చదనం కంటికి ఆనదు. అక్కడి నుంచి చెరకు ట్రాక్టర్లు మొదలు. ట్రాక్టరు కనపడదు, దాని మీది చెరకు కొండ ఒక్కటే కనపడుతుంది. వెనక సైకిలు మీద ఇద్దరు పిల్లలు. ఒకడు తొక్కుతున్నాడు, రెండోవాడు చెరకు గడ లాగుతున్నాడు. మా డ్రైవరు హారన్ కొట్టాడు గానీ తిట్టలేదు. ఆయనా లాగే ఉంటాడు.

ఉయ్యూరు వస్తోందని మ్యాప్ చూడక్కర్లేదు, సీజన్లో ముక్కే చెబుతుంది. మొలాసిస్ వాసన. తీపీ పులుపూ కలిసి, కాస్త మాడిన బెల్లంలా ఉంటుంది. కొత్తవాళ్ళకి తల తిరుగుతుంది. ఊరివాళ్ళకి అసలు తెలియదు. బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడని "వాసన బాగా వస్తోంది కదండీ" అని అడిగితే "ఏం వాసన బాబూ?" అంది.

ఆ ఫ్యాక్టరీ ఈ ఊరి చరిత్రలో సగం. ఐసీఎస్ ఉద్యోగం వదిలి పరిశ్రమల్లోకి వచ్చిన వెలగపూడి రామకృష్ణ 1941లో కేసీపీ సంస్థని ఇక్కడి చక్కెర మిల్లుతోనే మొదలుపెట్టారు. కానూరు ఇంజనీరింగ్ కాలేజీకి ఉన్న పేరూ ఆయనదే. అంటే బస్సులో అరగంట తేడాతో కనపడే మిల్లూ, కాలేజీ బోర్డూ రెండూ ఒకే మనిషి దగ్గరికి వెళ్తాయి. మిగతా సగం ఊరు ఏంటంటే: నడి ఊళ్ళో పుల్లేరు కాలువ, మాఘమాసంలో పదిహేను రోజులపాటు వీరమ్మ తల్లి తిరునాళ్ళు, ఎన్‌హెచ్ 65 మీద పగలూ రాత్రీ లారీలు. 2022లో జిల్లాలు మార్చినప్పుడు రెవెన్యూ డివిజన్ కూడా అయింది. టీ కొట్టు దగ్గర ఆ మాట అంటే "డివిజన్ అయింది సరే, చెరకు వేసేవాళ్ళేరీ?" అన్నారు. కూలీలు దొరక్క, గిట్టుబాటు కాక రైతులు వరికీ, వేరే పంటలకీ వెళ్ళిపోతున్నారన్నది ఇక్కడ ఎవరిని కదిపినా వినపడే మాట.

ఆ చెరకు మంచి రోజుల్లో ఉన్నప్పుడు పుట్టింది ఈ కాలేజీ. 1975. విజయవాడలో సిద్ధార్థ అకాడమీ మొదలైన ఏడాదే. గేటు ముందు నిలబడి బోర్డు ఒకటికి రెండుసార్లు చదివా. ఒక పక్క ఒక దాత పేరు. ‘అండ్’ పక్కన పేరు లేని రైతులు. టన్నుకి ఎంతో, బస్తాకి ఎంతో, ఎవరెంతిచ్చారో ఆ అక్షరాల్లో లేదు. మోతుబరి ఎంత వేశాడో, రెండెకరాల కౌలురైతు ఎంత వేశాడో లేదు. ‘గ్రోయర్స్’. అంతే.

మన డెల్టాలో దానమంటే ఏంటో మీకు తెలుసు. గుడి మెట్టు మీద పేరు. స్కూలు బెంచీ మీద పేరు. కల్యాణమండపంలో సీలింగ్ ఫ్యాన్ రెక్క మీద ఎర్ర పెయింటుతో దాత పేరు, ఊరు, వాళ్ళ నాన్నగారి జ్ఞాపకార్థం. ఫ్యాన్ తిరుగుతున్నంతసేపూ ఎవరికీ కనపడదు, ఆగితేనే కనపడుతుంది. నేను వెక్కిరించడం లేదు. బందరులో కోపల్లె హనుమంతరావు నడిపిన ఆంధ్ర జాతీయ కళాశాల దగ్గర్నుంచి ఈ ప్రాంతం చదువంతా చందాల మీదే నడిచింది. నేను చదువుకున్న కాలేజీలో లైబ్రరీ బ్లాకు కూడా ఎవరో ఒకాయన పేరు మీదే ఉండేది. ఆ నీడలోనే సప్లీలు రాసి బయటపడ్డాం. కానీ ఒకటి గమనించండి. పేరు ఎక్కేది ఎప్పుడూ గోడకో, ఫ్యానుకో, బెంచీకో. ఖర్చయి పోయే వాటికి ఎవరి పేరూ ఉండదు. యాసిడ్ సీసా మీద దాత పేరు నేనెప్పుడూ చూడలేదు.

ఆ తేడా ఎంత పెద్దదో షేర్ ఆటోలో నాలుగైదు కిలోమీటర్లు వెళ్ళాక అర్థమైంది.

స్కూలు బాగుంది. రంగులు వేశారు, ప్రహరీ ఉంది, మంచినీళ్ళ మెషీన్ ఉంది. ఫిజికల్ సైన్స్ చెప్పే మేడమ్ నన్ను తొమ్మిదో తరగతి గదికి తీసుకెళ్ళారు. గోడకి ఈ చివర నుంచి ఆ చివరకి ఒక పెద్ద టచ్ ప్యానెల్. ‘నాడు-నేడు’లో ప్రభుత్వం ఇచ్చింది. నేను ఫొటో తీసి గ్రూపులో పెట్టా. రెండు నిమిషాలు ఎవరూ ఏమీ టైప్ చెయ్యలేదు. తర్వాత బెంగళూరు నుంచి ఒక్క మాట వచ్చింది: "మరి మన బోర్డు?"

"ల్యాబ్ చూపిస్తారా మేడమ్?" అని అడిగా.

ల్యాబ్ అంటే స్టాఫ్ రూములో బీరువా. తాళం ఆవిడ దగ్గరే ఉంది. పరీక్షనాళికలు, రెండు స్పిరిట్ దీపాలు, ఒక దండయస్కాంతం, మూత బిగుసుకుపోయిన సీసాలు. బ్యూరెట్టు ఒకటి ఉంది, కొన విరిగింది. "ఉన్నవాటితో చేసి చూపిస్తానండీ. కానీ నేను చేస్తా, వాళ్ళు చూస్తారు. నలభై మందికి ఒక్క దీపం ఇచ్చి చెయ్యమనలేను కదా" అన్నారావిడ. మిగతావి ప్యానెల్ మీద వీడియోలు. పాఠ్యపుస్తకం ఒక పేజీ ఇంగ్లిష్‌లో, పక్క పేజీ తెలుగులో. ప్రయోగం రెండు భాషల్లోనూ ఉంది. చెయ్యడానికే లేదు.

ఇంటర్వెల్లో పిల్లలు చుట్టూ మూగారు. సాఫ్ట్‌వేర్ అనగానే అడిగే ప్రశ్నలు అడిగారు. జీతం ఎంత, అమెరికా వెళ్ళారా, గేములు తయారుచేస్తారా. వెనకాల నిలబడిన ఒకమ్మాయి మాత్రం వేరేది అడిగింది. "యాసిడ్‌కి వాసన ఉంటుందా అన్నయ్యా?"

వీడియోలో లిట్మస్ ఎర్రబడటం చూసిందట. జింకు ముక్క మీద యాసిడ్ పడి బుడగలు రావడం, అగ్గిపుల్ల దగ్గర పెడితే ‘టప్’మనడం కూడా చూసింది. ఆ వీడియోలో మ్యూజిక్ ఉండటంతో ‘టప్’ సరిగా వినపడలేదంది. వాసన సంగతి ఎవరూ చెప్పలేదు. గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్ మూత తీస్తే ముక్కు ఎలా మండుతుందో నాకు గుర్తుంది. దాన్ని మాటల్లో చెప్పబోయి ఆపేశా. అది చెబితే తెలిసేది కాదు.

తర్వాత మేడమ్ చెప్పారు, ఆ అమ్మాయి వాళ్ళమ్మ చెరకు కొట్టుడికీ, వరి నాట్లకీ కూలికి వెళ్తుందట. లెక్కలు బాగా చేస్తుందట. పోయిన వారం ఆ పిల్లే మేడమ్‌ని ఇంకో ప్రశ్న అడిగిందట: "బీఎస్సీ చదివితే ఏం వస్తుంది?" ఆవిడ ఏం చెప్పారని అడిగా. "మీరైతే ఏం చెప్పేవారు?" అన్నారు.

నిజంగానే ఆ ప్రశ్న చిన్నది కాదు. పది అయ్యాక ఏ గ్రూపు తీసుకోవాలన్నది ఇలాంటి ఇళ్ళలో రెండు రోజుల్లో తేలిపోతుంది. పక్కింటి పిల్ల ఏం తీసుకుంది, ఏ కాలేజీ బస్సు ఊళ్ళోకి వస్తుంది, ఎవరు ఫీజు తగ్గిస్తానన్నారు, అంతే లెక్క. ఆ రెండు రోజుల్లో ‘నేను ఈ పని చేసి చూశాను, నాకు బాగుంది’ అని చెప్పడానికి పిల్ల దగ్గర ఏదో ఒకటి ఉండాలి. హోర్డింగ్ మీది ర్యాంకు పిల్లల దగ్గర ఉన్నది అది కాదు, అది వేరే సరుకు. అసలు మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీలతో డిగ్రీలో చేరేవాళ్ళే తగ్గిపోయారని, 2023లో సింగిల్ మేజర్ పద్ధతి వచ్చాక ఇంకా తగ్గారని కాలేజీ లెక్చరర్లు చాలామంది బాధపడుతున్నారు. అంటే ఒక పక్క కాలేజీ ల్యాబుల్లో స్టూళ్ళు ఖాళీ. ఇంకో పక్క నాలుగు మైళ్ళ దూరంలో యాసిడ్ వాసన తెలియని పిల్లలు.

"పిల్లల్ని కాలేజీ ల్యాబుకి తీసుకెళ్ళొచ్చు కదా మేడమ్?" అన్నా.

"ఏ కాలేజీ అయినా రమ్మనే అంటుందండీ. బండి ఎవరిస్తారు?"

బండి. ఆ ఒక్క మాట దగ్గరే అంతా ఆగిపోయి ఉంది. నలభై మంది పిల్లల్ని ఆటోల్లో కుక్కలేం. స్కూలుకి బస్సు లేదు. మధ్యాహ్న భోజనం స్కూల్లో వండుతారు, పిల్లలు అక్కడుంటారు. ఆడపిల్లల తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఇద్దరు టీచర్లు వెళ్తే మిగతా క్లాసులు ఎవరు చూడాలి? అందుకే శనివారం మధ్యాహ్నాలో, సెలవు రోజులో అయితేనే కుదురుతుందన్నారు. ఇవేవీ పెద్ద సమస్యలు కావు. ఒక్కటీ గోడ కాదు, బెంచీ కాదు, అంతే.

ఆ రాత్రి ఇంటికొచ్చి ఎక్సెల్ తెరిచా. (మా జాతికి ఏడుపొచ్చినా ఎక్సెలే.) ఒక రోజుకి, నలభై మంది పిల్లలకి నేను వేసిన అంచనా ఇది: బస్సు బాడుగ 6,000. పిల్లలు, సాయం చేసే డిగ్రీ విద్యార్థులు కలిపి 48 భోజనాలు, ఒక్కొక్కటి 80 చొప్పున 3,840. ఎనిమిది మంది డిగ్రీ విద్యార్థులకి దారి ఖర్చులతో కలిపి తలా 300, మొత్తం 2,400. రసాయనాలు, పగిలే గాజు సామాను 2,500. మొత్తం 14,740 రూపాయలు. పిల్లకి 370 కూడా కాలేదు. మల్టీప్లెక్స్‌లో టికెట్టూ పాప్‌కార్నూ అంతకన్నా ఎక్కువే. మా లక్షా యాభై వేలకి అలాంటివి పది రోజులు.

ఇందులో డిగ్రీ విద్యార్థుల సంగతి కాస్త చెప్పాలి. మన రాష్ట్రంలో డిగ్రీ మొదటి సంవత్సరం అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పనిసరి. 180 గంటలు. చాలామంది ఊళ్ళో ఇంటింటికీ వెళ్ళి సర్వే ఫారాలు నింపి, ప్రింటు తీసి, స్పైరల్ బైండింగ్ చేయించి ఇచ్చేస్తారు. ఆ గంటల్లో కొన్నైనా ల్యాబులో పిల్లల పక్కన నిలబడటానికి ఇవ్వొచ్చు. కాలేజీలకి కూడా న్యాక్ వాళ్ళు వచ్చినప్పుడు ఎక్స్‌టెన్షన్ కార్యక్రమాలకి మార్కులుంటాయి. మనుషులున్నారు, గదులున్నాయి, గంటలున్నాయి, మార్కులు కూడా ఉన్నాయి. లేనిది డీజిలూ, సాంబారన్నమే.

సైన్సుని పేదపిల్లల దగ్గరికి తీసుకెళ్ళడం మన దగ్గర కొత్తేం కాదు. 1988 నుంచి జన విజ్ఞాన వేదిక వాళ్ళు ఊరూరా తిరుగుతున్నారు. ‘చెకుముకి’ పత్రిక చదివిన పిల్లలు మీలో ఉండే ఉంటారు. చెకుముకి పరీక్ష రాసినవాళ్ళు ఇంకా ఎక్కువమంది ఉంటారు. మన రాష్ట్రానికి ఆ చివర కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ ఉంది. రాంజీ రాఘవన్ 1999లో మొదలుపెట్టారు. 172 ఎకరాల క్యాంపస్, పల్లెలకి వెళ్ళే ల్యాబు వ్యాన్లు, చివరికి బైకు మీద ల్యాబు కూడా. అదంతా ఎక్కువగా దాతల డబ్బుతోనే. షేర్ మార్కెట్ రాకేశ్ ఝున్‌ఝున్‌వాలా దాని పెద్ద దాతల్లో ఒకరుగా ఉండేవారు. ప్రభుత్వం వైపు నుంచి అటల్ టింకరింగ్ ల్యాబులు వచ్చాయి, స్కూలుకి 20 లక్షల వరకు గ్రాంటు. ఇన్‌స్పైర్ మానక్‌లో ఐడియా ఎంపికైతే పిల్ల ఖాతాలో 10 వేలు. ఇవన్నీ మంచివే. కాకపోతే అన్ని స్కూళ్ళకీ ల్యాబు రాదు, అన్ని పిల్లలకీ ఐడియా రాదు. ఐడియా రావాలన్నా ముందు ఏదో ఒకటి చేత్తో పట్టుకుని ఉండాలి.

ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా నచ్చిన దాత లండన్‌లో ఒక మామూలు కస్టమరు. పుస్తకాలు బైండింగ్ చేసే కొట్టుకి వచ్చిపోతుండే విలియం డాన్స్. ఆ కొట్లో పనిచేసే కుర్రాడు మైకేల్ ఫారడే, కమ్మరి కొడుకు. బైండింగ్‌కి వచ్చిన పుస్తకాలే చదువుకునేవాడు. 1812లో డాన్స్ అతనికి రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకి టికెట్లు ఇచ్చాడు. నాలుగు ఉపన్యాసాలు. ఫారడే అవన్నీ రాసుకుని, తనే బైండు చేసి డేవీకి పంపాడు. మరుసటి ఏడాది అక్కడే అసిస్టెంటుగా చేరాడు. మన ఇళ్ళకి కరెంటు వస్తోందంటే ఆ టికెట్ల పుణ్యం కొంత ఉంది. తర్వాత 1825లో అదే హాల్లో పిల్లల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు మొదలుపెట్టించింది కూడా ఫారడేనే. ఇప్పటికీ జరుగుతున్నాయి.

ఈ కథ గ్రూపులో పెడితే డల్లాస్ వాడు మంచి పాయింట్ లాగాడు. "ఒక్క ఉపన్యాసం కాదురా, నాలుగు. పైగా చివర్లో ఉద్యోగం. మనం ఒక్కరోజు చూపించి ఫొటో దిగి వచ్చేస్తే ఏం ఒరుగుతుంది?" అన్నాడు.

అక్కడే అసలు గొడవ మొదలైంది. పది రోజుల్లో పది స్కూళ్ళు తిప్పి నాలుగు వందల మందికి ఒక్కొక్క రోజు చూపించాలా? లేక ఒకే స్కూలు, అదే నలభై మందిని పదిసార్లు తీసుకెళ్ళాలా? మేడమ్‌ని అడిగితే ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అదే నలభై మంది. మొదటి రెండుసార్లు వాళ్ళు ఫ్యాన్లూ, అద్దాలూ చూస్తారు. మూడోసారి నుంచి ప్రయోగం చూస్తారు" అన్నారు.

నాకూ అదే సరి అనిపించింది. ఒక్కరోజు మేళా పిల్లలకి పిక్నిక్, పెద్దలకి ఆల్బమ్. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. మాలో ఒకడి కంపెనీ ఉద్యోగులు ఎంత దానం చేస్తే అంత తనూ వేస్తుంది. పెద్ద కంపెనీలకి గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది కదా, ఆ తరహా బడ్జెట్టే. ఫారం తెరిస్తే మొదటి గడి: ‘లబ్ధిదారుల సంఖ్య’. రెండోది: ‘ఒక్కో లబ్ధిదారుకి ఖర్చు’. 400 అని రాస్తే ఒక్కొక్కరికి 375. 40 అని రాస్తే 3,750. డాష్‌బోర్డులో రెండోది ఎర్రగా కనపడుతుంది. వాసన అడిగిన పిల్ల గురించి రాయడానికి గడి లేదు. ‘రిమార్క్స్’ ఉంది, 200 అక్షరాలు.

మూడు రోజులు వాదించుకున్నాం. 400 రాస్తే మూడు లక్షలవుతాయి, రెండేళ్ళు చెయ్యొచ్చు అని ఇద్దరు. 40 అని ఉన్నదున్నట్టు రాద్దాం, వస్తే వస్తుంది లేకపోతే లేదు అని నలుగురు. పన్ను మినహాయింపు గురించి ఎవరూ మాట్లాడలేదు. కొత్త ట్యాక్స్ రెజీమ్‌లో 80జి లేదు కాబట్టి ఆ ఆశ ఎలాగూ లేదు. చివరికి 40 రాశాం. కంపెనీ నుంచి మర్యాదగా జవాబొచ్చింది, ఈ త్రైమాసికానికి ‘ఎక్కువ స్కేల్ ఉన్న’ ప్రాజెక్టులు ఎంచుకున్నామని. ఆ రోజు 400 వైపు ఓటేసినవాళ్ళలో ఒకడు గ్రూపులో ఏమీ అనకుండా ఇంకో పదివేలు వేశాడు. పేర్ల బోర్డు సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. బస్సు మీద బ్యానర్ కడదామని మాత్రం ఒకడు అన్నాడు. దానికి మేడమ్ "కట్టండి, ఎండ తగలకుండా ఉంటుంది" అన్నారు.

జూన్‌లో మొదలు. నెలకో శనివారం. ఏ ప్రయోగాలు చెయ్యాలన్నది మాత్రం నేను పట్టుబట్టి ఒకటి పెట్టించా, చెరకు. ఈ ఊళ్ళో అంతకన్నా మంచి సిలబస్ లేదు. పంచదార నీళ్ళలో నీలంగా ఉండే బెనెడిక్ట్ ద్రావణం పోసి వేడి చేస్తే నీలంగానే ఉండిపోతుంది. అదే పంచదార నీళ్ళలో కొంచెం యాసిడ్ వేసి మరిగించి, ఆ యాసిడ్‌ని సోడాతో విరిచేసి, మళ్ళీ బెనెడిక్ట్ పోసి వేడి చెయ్యండి. ఇటుక రంగు. సుక్రోజ్ విరిగి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అయ్యాయన్నమాట. రసాయన చర్య ఎంత వేగంగా జరుగుతుందో 1850లో విల్హెల్మీ అనే జర్మన్ మొదటిసారి కొలిచింది సరిగ్గా ఈ చర్య మీదే, చెరకు చక్కెర మీదే. డిగ్రీ కెమిస్ట్రీ ల్యాబులో ఇప్పటికీ చేయిస్తారు. ఇదే చర్య యాసిడ్ లేకుండా, కొట్టి పడేసిన చెరకులో దానంతటదే జరుగుతుంది. అందుకే కొట్టిన 24 గంటల్లో గానుగ ఆడాలంటారు. ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టరు క్యూలో ఒక రాత్రి ఎక్కువ నిలబడితే పోయేది ఈ సుక్రోజే. చెరకు కొట్టే తల్లి ఉన్న పిల్లకి ఆ ఇటుక రంగు ఇంకోలా కనపడుతుందని నా నమ్మకం. తాజా గడ రసం, మూడు రోజుల గడ రసం పక్కపక్కన పెట్టి చూపిస్తానని ఒక లెక్చరర్ ఒప్పుకున్నారు. అది మాత్రం డిసెంబర్ దాకా ఆగాలి, సీజన్ మొదలవ్వాలి.

ఆ లోపు నేను ఆన్‌లైన్‌లో ఒక చేతి రిఫ్రాక్టోమీటర్ తెప్పించా. పెన్ను కన్నా కాస్త లావు. గాజు మీద రెండు చుక్కలు రసం వేసి వెలుతురు వైపు చూస్తే లోపల నీలం, తెలుపు గీత కనపడుతుంది. ఆ గీత దగ్గరి అంకే బ్రిక్స్, అంటే వంద గ్రాముల రసంలో కరిగి ఉన్న పదార్థం సుమారుగా ఎన్ని గ్రాములో. కరిగి ఉండేదాంట్లో ఎక్కువ భాగం చక్కెరే. మొన్న మేడమ్‌ని కలిసి తారీఖులు రాసుకుని తిరిగొస్తూ, ఉయ్యూరు సెంటర్లో చెరకురసం బండి దగ్గర దాన్ని బయటికి తీశా. అల్లం, నిమ్మకాయ వెయ్యకుండా ఒట్టి రసం అడిగా. పద్దెనిమిది చూపించింది.

బండాయనకి ఇచ్చా. ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. "పద్దెనిమిదంటే మంచిదేనా?" అన్నాడు. మంచిదే అన్నా. పక్కనున్న కస్టమర్లకి కూడా చూపించాడు. తర్వాత ఎందుకో ఆయనకే సరదా పుట్టింది. గ్లాసులో ఎప్పటిలా ఐసు నింపి, పైన రసం పోసి, రెండు నిమిషాలు ఆగి, "ఇప్పుడు చూడు" అన్నాడు.

పన్నెండు.

ఆయన రిఫ్రాక్టోమీటర్ నా చేతిలో పెట్టి, అటూ ఇటూ చూసి, "బాబూ, దీన్ని జూన్‌లో పిల్లలకి చూపిస్తానంటున్నావు కదా, వాళ్ళని ఈ సెంటర్ వైపు మాత్రం తీసుకురాకు" అన్నాడు.